టైర్లకు కొబ్బరినూనె

అన్నా,

నువ్వు పోయి నేటికి ఏడాది. పొద్దున్నే నీ జీపు కడిగాను. టైర్ల మీది తెల్లక్షరాలను సబ్బునీళ్లతో, పాత పళ్లబ్రష్షుతో తోమితే తళతళలాడాయి. నువ్వయితే ఆ తర్వాత కొబ్బరినూనె పూసేవాడివి. ఎమ్మిగనూరులో మెరిసిన అక్షరాలు ఆదోని చేరేసరికి దారిలో దుమ్మంతా పట్టి ఎర్రబడేవి. వద్దంటే వినేవాడివా! నేను మాత్రం దుకాణంలో టైరు పాలిష్ కొని రాశాను. ఆదోని దాకా ఒక్క మరక అంటలేదు. గర్వంగా మనం ఎప్పుడూ ఆగే టీకొట్టు ముందు ఆపాను. కొట్టాయన టైర్ల వంక చూసి, "అయ్యో, మీ అన్న జీపు అమ్మేస్తివా అప్పా?" అన్నాడు.

ఇంటికి రాగానే వదినను కొబ్బరినూనె అడిగాను.

"నువ్వూ మీ అన్న మాదిరే తయారైనావా? తలకు సుక్క మిగలనీరు గదా!" అని తిట్టింది. తిడుతూనే, కొత్త సీసా మూత తీసి ఇచ్చింది.