చాంద్‌మారి గుంతలో ఎర్ర గుడ్డ

సరూర్‌నగర్,
13 ఏప్రిల్ 1969, ఆదివారం

ప్రియమైన తమ్ముడు భానుమూర్తికి,

నువ్వు పంపిన గుండ్లు పోసే మూస క్షేమంగా చేరింది. పోస్టుమాన్ దశరథ మూటను చేత్తో ఊపి చూసి, "ఏంది సాలోమోనన్నా, గింత బరువున్నది?" అని అడిగాడు. బావి మోటారు సామాను అని చెప్పాను. ఈ తెలంగాణ గొడవల రోజుల్లో ఆంధ్ర నుంచి నా పేరుకు ఇనుప ముక్క వచ్చిందంటే నలుగురూ నాలుగు రకాలుగా అనుకుంటారు.

దిల్‌సుఖ్‌నగర్‌లో నీ గదికి వేసిన తాళం అలాగే ఉంది. తలుపు మీద ఎవరో బొగ్గుతో రాసిన మాటల్ని మీ వదిన సారమ్మ తడిబట్టతో తుడిచి వచ్చింది. మార్చిలో నువ్వు పిల్లల్ని తీసుకుని రేపల్లె వెళ్లిన దగ్గర్నుంచి నాతో తుపాకుల గురించి మాట్లాడే మనిషే లేడు. తోడబుట్టకపోయినా తమ్ముడివి నువ్వే.

అల్మాస్‌గూడ చేనులో అడవిపందులు వేరుశనగను తవ్విపోస్తున్నాయి. నా భర్మార్ సంగతి నీకు తెలుసు కదా, మూతిలోంచి మందు పోసి, గుండు కూరి, కడ్డీతో దట్టించే పాత రైఫిలు. గుండ్రటి గుండు యాభై గజాలు దాటితే ఎటు పోతుందో దానికే తెలియదు. దెబ్బ తిన్న పంది చావకుండా పొదల్లో మూలుగుతుంటే వినలేకే నిన్ను మొనదేరిన గుండు అడిగాను.

శుక్రవారం మధ్యాహ్నం కొత్తవి ఐదు పట్టుకుని పాత చాంద్‌మారికి వెళ్లాను. నిజాం కాలంలో సిపాయిలు గురి నేర్చుకున్న మైదానం అది. నేను అక్కడే తుపాకుల మేస్త్రీగా ఉండేవాణ్ణి. ఇప్పుడు ఒక మట్టికట్ట, దాని ముందు మనిషిలోతు గుంత మిగిలాయి. ఆ గుంతలో లచ్చయ్య అనే అతను కూర్చుని, గుండు కాగితానికి ఎక్కడ తగిలిందో కర్ర పైకెత్తి చూపేవాడు. కర్ర కొసన ఎర్ర గుడ్డ. అది లేచిందంటే కాల్పులు ఆపాలి. నలభై ఏడులో, పాపం, వేళకాని వేళ తల పైకెత్తి గుండు తగిలి పోయాడు. తాగి ఉన్నాడని కాగితాల్లో ఉంది.

కట్టకు కాగితం అంటించి, వంద గజాల నుంచి మొదటిది కాల్చాను. పొగ విడిపోయేసరికి గుంతలోంచి కర్ర లేచింది. కొసన ఎర్ర గుడ్డ. కాగితం ఎడమ కింది మూలను తాకి మెల్లగా దిగిపోయింది.

తుపాకి కింద పెట్టి వెళ్లి చూశాను. గుంతలో ఎండుటాకులు తప్ప ఎవరూ లేరు. కాగితానికి చిల్లు మాత్రం ఎడమ కింది మూలనే ఉంది.

మిగతా నాలుగూ కాల్చకుండా వచ్చేశాను. సారమ్మకు చెప్పలేదు, నీకే చెబుతున్నాను.

నీ అన్న,
సాలోమోను

◆

రేపల్లె,
22 ఏప్రిల్ 1969

ప్రియమైన అన్నయ్యకు నమస్కారాలు.

ఇక్కడ అందరం కులాసా. మా అమ్మ హనుమాయమ్మ రోజూ రెండు పూటలా "ఆ ఊరు మళ్లీ వెళ్తావా?" అని అడుగుతుంది. ఏం చెప్పను? లేతు మిషను ముందు పద్దెనిమిదేళ్లు నిలబడ్డవాణ్ణి అరుగు మీద కూర్చోబెడితే చేతులు దురద పెడుతున్నాయి. మీ ఉత్తరం వచ్చిన రోజే నేను మనిషిని.

గుండు ఎడమకు పోయిందంటే అది గొట్టంలో బిగుతుగా కూర్చోలేదన్నమాట. తేనెమైనంలో ఆముదం కలిపి గుండు మీది గాట్లలో పూయండి. మందు పాత కొలతలో ముప్పావు చాలు.

ఇక ఆ గుడ్డ సంగతి. నడినెత్తిన ఎండ, కళ్ల ముందు పొగ, పైగా శుక్రవారం మీరు ఉపవాసం ఉంటారు. లేదా పోలీసులు వెతుకుతున్న మనిషెవరైనా అక్కడ తలదాచుకుంటున్నాడేమో. ఒంటరిగా వెళ్లకండి.

మీ తమ్ముడు,
భానుమూర్తి

◆

సరూర్‌నగర్,
4 మే 1969

ప్రియమైన తమ్ముడికి,

ఒంటరిగానే వెళ్లాను. ఇలాంటి చోటికి ఎవర్ని తోడు పిలవను? తుపాకి చప్పుడు వినిపిస్తే చాలు, ఇక్కడి జనం ఎవరు పోయారని అడుగుతున్నారు.

మైనం పూసి ఈసారి ఐదు కాల్చాను. అంత దూరం నుంచి కాగితం మీది చిల్లు నా కళ్లకు ఆనదు. ప్రతి గుండుకూ కర్ర లేచింది. కుడికి అంది, ఎడమకు జరిపాను. పైకి అంది, దించాను. చెప్పడానికి సిగ్గుగా ఉంది, దాని మాట విని గురి సరిచేసుకున్నాను. ఐదోది నడిమధ్య తగిలింది. గుడ్డ కాసేపు అక్కడే నిలిచి, రెండుసార్లు అటూ ఇటూ ఊగింది. గురి కుదిరితే లచ్చయ్య సరిగ్గా అలాగే ఊపేవాడు.

కాల్చకముందే గుంత అంచు చుట్టూ బూడిద చల్లి ఉంచాను. తర్వాత చూస్తే దాని మీద కాకి అడుగు కూడా లేదు. గుంతలో మాత్రం చుట్ట వాసన ఉంది. "ఎవరుల్లా?" అని అరిచాను. కట్ట నా గొంతునే తిప్పి పంపింది.

తమ్ముడూ, ప్రార్థనలో కళ్లు మూసుకుంటే ఆ గుడ్డే లేస్తోంది. సారమ్మ నా కంచం చూసి, "ఏమైంది నీకు? కూడు ముట్టవు, మాట్లాడవు" అంటోంది. వెళ్లకుండా ఉందామనుకుంటాను, శుక్రవారం వచ్చేసరికి కాళ్లు వాటంతటవే అటు నడుస్తాయి.

నీ అన్న,
సాలోమోను

◆

రేపల్లె,
13 మే 1969

ప్రియమైన అన్నయ్యకు,

మీ ఉత్తరం చదివి నా భార్య ఇందిర భయపడింది. "ఆయన్ని ఆ తుపాకి అమ్మేయమనండి" అంటోంది. నాకైతే కోపం వచ్చింది. మిమ్మల్ని ఎవరో ఆడిస్తున్నారు.

దీనికి ఒకటే దారి. ఈసారి కర్ర లేచినప్పుడు కాగితాన్ని వదిలేసి గుడ్డనే గురిచూసి కొట్టండి. మనిషైతే లేచి పరుగెత్తుతాడు. కాకపోతే గుడ్డకు చిల్లు పడదు. ఏదో ఒకటి తేలిపోతుంది, మీరు కడుపు నిండా అన్నం తింటారు.

మీ తమ్ముడు,
భానుమూర్తి

◆

రేపల్లె,
29 మే 1969

ప్రియమైన అన్నయ్యకు,

జవాబు లేదు. రోజూ పేపర్లో ముందు మీ వైపు వార్తలే వెతుకుతున్నాను.

ఆ మాట రాసి తప్పు చేశాను. మార్చిలో మా కిటికీ మీద రాళ్లు పడిన రోజు గుర్తుందా? ఇంట్లో ఎవరూ లేరనుకునే వేశారు వాళ్లు. మా చిన్నది తలుపు వెనకే నిలబడి ఉంది. నిన్న అది ఇక్కడ తలుపు చాటున ఆడుకుంటుంటే చూసి వెళ్లి ఎత్తుకున్నాను. గుంతలో ఎవరూ లేరని నేను రేపల్లెలో కూర్చుని ఎలా చెప్పగలను?

దయచేసి కాల్చకండి. ఈ ఉత్తరం అందగానే ఒక్క ముక్క రాయండి.

మీ తమ్ముడు,
భానుమూర్తి

◆

సరూర్‌నగర్,
22 జూన్ 1969

ప్రియమైన తమ్ముడు భానుమూర్తికి,

కర్ఫ్యూల మధ్య నీ ఆఖరి ఉత్తరం మొన్ననే చేరింది. నువ్వు అది రాసేటప్పటికే నేను కాల్చేశాను. నువ్వు బాధపడకు. రాసింది నువ్వైనా మీట నొక్కింది నా వేలు.

మే ఇరవై మూడు, శుక్రవారం. మూడు గుండ్లు కాగితం మీద కాల్చాను. నాలుగోది కూరి, గుడ్డ మళ్లీ లేచేదాకా ఎదురుచూశాను. లేచింది. కొట్టాను. కర్ర విరిగి గుంతలో పడింది. ఎవరూ పరుగెత్తలేదు, ఎవరూ అరవలేదు. పొగ పూర్తిగా పోయాక అందులోంచి ఒక గొంతు, ఏ తొందరా లేకుండా, "పోయినసారి లెక్కనే ఐదు తెచ్చినవ్ గద. నాలుగయినయ్. ఇంకొకటి కూరుతవా, మాట్లాడుతవా?" అంది.

తుపాకి కింద పెట్టాను. ఒక ముసలామె విరిగిన కర్ర ముక్క పట్టుకుని పైకెక్కి వచ్చింది. లచ్చయ్య భార్య, కిష్టమ్మ.

"ఎర్రగుడ్డ లేస్తే ఏం జెయ్యాలె సాలోమోనూ?"

"ఆపాలె."

"మొదటి దినం ఆగినవ్. గుంత దాక ఒచ్చినవ్. నేను గుంత అడుగున ఉన్న వాననీళ్ల కాలువలకెళ్లి తుప్పల్లకు పోయిన. ఇయ్యాల ఆగలే. ఆ దినం గూడ గిట్లనే గదా?"

తమ్ముడూ, నీకు రాసిన మొదటి ఉత్తరంలోనే అబద్ధం రాశాను. లచ్చయ్య వేళకాని వేళ లేవలేదు. ఊరి కావలివాళ్ల తుపాకులు బాగుచేసి ఆ రోజు పరీక్షించాం. పని అయిపోయింది. ఎర్ర గుడ్డ లేచింది. నా చేతిలో ఒక భర్మార్ మాత్రం కూరి ఉంది. దట్టించిన గుండును వెనక్కి తీయడం పెద్ద పని, కాల్చి ఖాళీ చేయడం సులువు. గుడ్డను చూస్తూనే కాల్చాను. ఆ క్షణంలోనే గుడ్డ వెనకాల అతని తల పైకి వచ్చింది. అందరి ఉద్యోగాలూ నిలవాలని పై అధికారి, తాగి లేచాడని రాశాడు. కింద సాక్షి సంతకం నాది.

ఇదంతా ఆమెకు చెప్పాను. ఆమె కూర్చుని చుట్ట వెలిగించుకుంది.

"ఆయన తాగలే. పొద్దుగాల జొన్న గటక తిని పోయిండు, గంతే. ఇరవై రెండేండ్లు తాగుబోతు పెండ్లాం అన్నరు నన్ను."

"నేనని నీకెట్ల తెలుసు?" అని అడిగాను.

"మా ఇంట్ల తిన్నోనివి. ఆయన మట్టికి రాలే. అప్పటిసంది నా గుడిసె ముంగటి తొవ్వ ఇడిసి సుట్టు తిరిగి పోతున్నవ్. గింతకంటె ఇంకేం తెల్వాలె? మల్ల తుపాకి సప్పుడు ఇనొచ్చింది. ఆయన కూసున్న కాడ కూసుంటె నెత్తిమీదికెళ్లి గుండు ఎట్ల పోతదో సూద్దామని ఒచ్చిన. గుడ్డ ఎత్తితె నీ నోరు లేస్తదేమోనని మల్ల మల్ల ఒచ్చిన."

గుండు ఆమెకు జానెడు పైనుంచి పోయింది.

ఆ ఆదివారం చర్చి నుంచి నేరుగా, సారమ్మతో కలిసి అల్మాస్‌గూడ వెళ్లి, ఊరివాళ్ల ముందు జరిగింది జరిగినట్టు చెప్పాను. కిష్టమ్మ కొడుకు గోపయ్య లేచి నన్ను కొట్టాడు. నాకంటే పొడుగు మనిషి. ఆమె ఆపలేదు. నా పెదవి చిట్లి రక్తం కారాక మాత్రం, "సాలు బిడ్డా. కాయితం రాయనియ్యి" అంది. లచ్చయ్య తాగలేదని, ఎర్ర గుడ్డ లేచాక కాల్చింది నేనని రాసి సంతకం చేశాను. ఊరివాళ్లు వేలిముద్రలు వేశారు. ఒక ప్రతి తహసీలు కచేరీకి పంపాం. ఈ గొడవల్లో అక్కడ ఎవరు చదువుతారో తెలియదు. రెండో ప్రతిని గోపయ్య చదివి వినిపిస్తే, తాగలేదన్న చోట కిష్టమ్మ మళ్లీ చదవమంది. మూడుసార్లు చదివించుకుంది.

లైసెన్సు తుపాకులన్నీ ఠాణాలో ఒప్పజెప్పమన్నారు. ఇచ్చేశాను. నీ గుండు సూటిగానే పోతుంది తమ్ముడూ, అంతకంటే దాని గురించి రాయలేను.

సారమ్మ నాతో రెండు వారాలు మాట్లాడలేదు. ఇప్పుడు మాట్లాడుతోంది, కానీ నా ముఖం చూసి కాదు.

చేనుకు రోజూ కిష్టమ్మ గుడిసె ముందునుంచే వెళ్తున్నాను. ఆమె క్షమించానని అనలేదు, నేను అడగలేదు. ఇన్నాళ్లూ నేను వెళ్తుంటే ఆమె తల కూడా ఎత్తలేదు. నిన్న మేకలకు తుమ్మకాయలు వేస్తూ, నావైపు చూడకుండానే, "ఎండెక్కుతున్నది, నడువు" అంది.

నడిచాను.

నీ అన్న,
సాలోమోను