తుడిచేసిన సున్నాలు

నాన్నగారికి నమస్కారం. ఒంట్లో బాగానే ఉంది, కోపమే ఇంకా దిగలేదు.

ఈ వేధశాలలో నా పని మీకు తెలుసు. మన పక్క గెలాక్సీని ఫోటో తీసిన గాజు పలక వెనకవైపు, నక్షత్రాల గుంపు కనబడిన ప్రతిచోటా సిరాతో సున్నా చుట్టాలి. చుట్టూ మబ్బు ఉంటే ఆ సున్నాకు తోక పెడతాను. మూడు నెలల్లో రెండు వందల పద్నాలుగు చుట్టాను. నిన్న అతిథులు వస్తున్నారని మా పెద్దాయన పలకను తడిగుడ్డతో తుడిచేశారు.

"వచ్చినవాళ్లకి చుక్కలు కనబడొద్దూ అమ్మాయ్? అవెక్కడికీ పారిపోవులే, మళ్లీ చుట్టు" అని నవ్వారు.

"నా మూడు నెలలు పారిపోయాయి కదండీ!" అన్నాను. నోట్లో నాలుక లేని పిల్లనంటారుగా, గదంతా వినబడింది.

ప్రతి వారం గీసినవి చెల్లికి ఉత్తరంలో దించి పంపేదాన్ని. చీమల బారని నవ్వేది. ఆ పన్నెండు ఉత్తరాలూ వెంటనే రిజిస్టరు పోస్టులో పంపండి. అమ్మ వంటింటి అలమరలో పరిచి ఉంటే డబ్బాలు దించైనా తీయండి. నూనె అంటినా తుడవకండి. ఏది మరకో, ఏది మబ్బో నాకు తెలుసు.

అమ్మకు నమస్కారం, చెల్లికి ఆశీస్సులు.

మీ పెద్దమ్మాయి