అత్వెల్లిలో నేను అలికిన బొరియ

అన్నకు, వదినకు చెల్లె బాలమణి దండాలు పెట్టి రాస్తున్నది. ఇక్కడ మేమిద్దరం బాగున్నాం. మీరంతా బాగున్నారని తలుస్తున్నాను. వదిన మోకాళ్ల నొప్పి తగ్గిందా? ఎర్రావు ఈనిందా? పెయ్య పుడితే అమ్మకండి, నేను వచ్చి చూసుకుంటాను.

మొన్న ఫోన్లో "గోడ ముట్టకు అన్నా, మేస్త్రీని ఆపు" అని ఒక్క మాట చెప్పి పెట్టేశాను. నువ్వు మళ్లీ చేసినా ఎత్తలేదు. కోపంతో కాదు, ఇదంతా ఫోన్లో చెప్పలేననిపించింది. ఊళ్లో మా ఇంటి ముందు గోడకు సిమెంటు పూయించమని, దాని మీద నా బిడ్డ రేణుక చెయ్యి అచ్చు కనపడకుండా చెయ్యమని పోయిన నెల నేనే ఏడ్చాను. అది కళ్లబడితే ఇంట్లో అడుగు పెట్టలేనన్నాను. ఇప్పుడు నేనే వద్దంటున్నాను. ఎందుకో రాస్తాను. వదినకు కూడా చదివి వినిపించు.

అత్వెల్లిలో మా గది రోడ్డు పక్కనే. లారీల చప్పుడు అలవాటైపోయింది. మీ బావ లాల్‌గడి మలక్‌పేటలో ప్లాట్ల దగ్గర కాపలా. నేను యాదగిరి మేస్త్రీ దగ్గర ఇటుకలు మోస్తున్నాను. ఎండ మన దగ్గరలాగే ఉంది, నీళ్లే చప్పగా ఉంటాయి. జొన్నపిండి దొరుకుతుంది కానీ రొట్టె విరిగిపోతుంది. ఎవరైనా ఇటు వస్తే మన జొన్నలు కొన్ని పంపు. పక్కగది వాళ్లది వేరే భాష. ఒకరినొకరం చూసి నవ్వుకుంటాం, అంతే. బిడ్డ పోయిన నాటి నుంచి నేను అలుకు పట్టలేదని నీకు తెలుసు. ఏడాది మైల దాటినా పట్టలేదు. తడిమట్టి వాసన వస్తే పక్కకు వెళ్లిపోయేదాన్ని.

ఇక్కడ ఒక బడిలో మా మేస్త్రీకి పని దొరికింది. ఆవరణలో మట్టిదిబ్బ ఉంటే దాన్ని తొలిచి, పిల్లలు లోపల నడిచేలా పెద్ద బొరియ కట్టాలట. సైన్సు చెప్పే సునీత మేడం చెప్పింది. బ్రెజిల్ అనే దేశంలో వేల ఏళ్ల కిందట ఎద్దు కంటే పెద్ద జంతువులు గోళ్లతో కొండల్లో బొరియలు తవ్వుకున్నాయట. మనిషి నిలబడి నడిచేంత పెద్దవి. మన పందికొక్కు బొరియ చూసిన దాన్ని, నేను నమ్మలేదు.

మేస్త్రీ ఇటుక కమాను కట్టి లోపలంతా సిమెంటు పూశాడు. మేడం తొంగి చూసి, "యాదగిరీ, ఇది బొరియా? నీళ్ల సంపు లెక్కుంది" అన్నది. అందరూ నవ్వారు. మేస్త్రీ తల గోక్కుని నా వైపు తిరిగాడు.

"బాలమణీ, మీ దిక్కు మట్టి గోడలే గద. నీకు రాదా?"

"వస్తది. గని జెయ్య."

"జెయ్యకుంటే రేపటి సంది నాకు గీ పని ఉండది, నీకూ ఉండది. ఇగ నీ ఇష్టం."

చేశాను. ఎర్రమట్టి తెచ్చి, వరిపొట్టు కలిపి, నానబెట్టి తొక్కాను. తొక్కుతుంటే కళ్ల నీళ్లు ఆగలేదు.  లోపలంతా మెత్తినాక మేడం పిల్లలను తీసుకొచ్చి, ఇనుప పంజాతో గోడ నిండా గోళ్ల గీతలు గీయించి వెళ్లింది. ఆ మాట నాకెవరూ చెప్పలేదన్నా. పొద్దున్నే వచ్చి చూస్తే గోడంతా గీరుకుపోయి ఉంది. బడిపిల్లలు ఆగం చేశారనుకుని, తడిబట్ట పెట్టి ఒక్క గీత లేకుండా అలికాను. అద్దంలా మెరిసింది.

మేడం వచ్చి అక్కడే కూలబడింది. "అయ్యో బాలమణీ! గీతలన్నీ ఏవి?"

"మంచిగ కనపడ్తలేవని సాఫ్ జేసిన మేడం."

"రేపే పిల్లల అమ్మానాన్నలు చూడటానికి వస్తున్నారు!"

మేస్త్రీ మాత్రం, "ఇంత సక్కగ ఖరాబు జేసుడు నీకే వస్తది" అన్నాడు. అప్పుడు మేడం ఫోన్‌లో అసలు బొరియ ఫొటో చూపించింది. రాతి గోడ మీద పొడుగు గీతలు, నిన్ననే గీసినట్టు ఉన్నాయి.

"గా జంతువు ఏది మేడం?"

"లేదమ్మా. ఎప్పుడో పోయింది. లోకంలో ఒక్కటి కూడా మిగల్లేదు. దాని చేతి గుర్తులే ఉన్నాయి."

అన్నా, ఆ మాటకు మన గోడే కళ్ల ముందుకొచ్చింది. ఆ రోజు రేణుక పచ్చి అలుకులో అరచెయ్యి అద్ది నవ్వుతుంటే, నేను తడిబట్ట తీసుకున్నాను. నువ్వే నా చెయ్యి పట్టుకుని, "ఉండనీ తియ్, పిల్ల చెయ్యి" అన్నావు. నీకు గుర్తుందా?

గోడ మళ్లీ తడిపాను. మూడు చువ్వలు వంచి కట్టెకు తీగతో కట్టి, భుజం నుంచి బలంగా లాగాను. ఆ జంతువు తన పిల్లల కోసం ఇల్లు తవ్వుకుంటున్నట్టే గీశాను. చీకటి పడేలోగా అయిపోయింది. చివర కింది మూలన నా వేళ్లతో చిన్న గీతలు గీశాను. మేడం వంగి చూసి, "ఇవేంటి?" అన్నది.

"దాని బిడ్డవి."

ఆమె ఇంకా కిందికి వంగి వాటిని ఫోన్‌లో ఫొటో తీసుకుంది. తర్వాత, "ఇవి ఎవ్వరూ చెరపొద్దు" అన్నది.

మరునాడు జనమే జనం! పిల్లలు కేకలు వేస్తూ లోపలికి ఉరికారు. అందరూ పెద్ద గీతలు వదిలేసి ఆ కింది మూల దగ్గరే కూర్చుని వేళ్లు పెట్టి కొలుచుకున్నారు. హెడ్మాస్టరు నన్ను ముందుకు పిలిచి శాలువా కప్పాడు. సిమెంటు మరకల చీర మీదే కప్పించుకున్నాను, సిగ్గు పడలేదు. మీ బావ సెలవు పెట్టి వచ్చాడు. "గా బొరియ మా ఇంటామెదే" అని కనపడిన వాళ్లందరికీ చెప్పాడు. బిడ్డ పోయినాక ఆయన అంత గట్టిగా మాట్లాడటం అదే మొదలు. ఇప్పుడు మేస్త్రీ నన్ను ఇటుకలు మోయనివ్వడం లేదు. శామీర్‌పేటలో ఒక తోటలో మట్టి ఇల్లు కడుతున్నారట, గోడలన్నీ నాకే అప్పజెప్పాడు. సరే అన్నాను.

అందుకే చెప్తున్నాను, గోడకు సిమెంటు వద్దు. వాన కొట్టకుండా ప్లాస్టిక్ పట్టా కప్పితే చాలు. వానలు తగ్గగానే ఇద్దరం వస్తాం. ఆ గోడ నేనే అలుకుతాను, చెయ్యి చుట్టూ అలుకుతాను. ఈసారి ఎవరూ నా చెయ్యి పట్టుకుని ఆపక్కర్లేదు.

పెద్దనాయినకు, ఇంటిచుట్టు పెద్దలందరికీ మా దండాలు చెప్పు. మమ్మల్ని చల్లగా ఉండమని నువ్వూ వదినా దీవించండి.

ఇట్లు నీ చెల్లె,
రేణుక తల్లి బాలమణి