నీలిమూత సీసాకి వంతు

విజయవాడ ల్యాబులో అఫ్సా మేడమ్ గారికి, కృత్తివెన్ను దగ్గర రొయ్యల చెరువు కొండలయ్య నమస్కరించి రాయునది.

మీరు చెప్పినట్టే చెరువు నీళ్ల శాంపిలుతో పాటు ఈ కాగితం బస్సులో పంపుతున్నా. రొయ్యల్ని చంపే బ్యాక్టీరియాని మీ సీసాల్లోని వైరస్‌లు తినేస్తాయన్నారు. సరే. ఎర్రమూత సీసా ముందు, నీలిమూతది నాలుగు రోజులాగి పొయ్యమన్నారు. రొయ్యలు చచ్చి తేలుతుంటే ఆగడమేంటండీ? రెండూ ఒకేసారి పోసేశా. ఇంకా చస్తూనే ఉన్నాయి. ఈ పంట కూడా పోతే చెరువు వదిలేసి మళ్లీ వల పట్టాల్సిందే.

ఇట్లు,
కొండలయ్య

తా.క.: మీ వైరస్‌లకి పని చేతకాకపోతే మొహమాటపడకుండా చెప్పండి.

---

కొండలయ్య గారికి నమస్తే.

అయ్యో, ఎంత పని చేశారండీ! ఆ రెండిటికీ పడదు. బ్యాక్టీరియాలోకి ఏది ముందు దూరితే అది లోపల గడియ పెట్టేసుకుంటుంది. రెండోది బయటే. ఎర్రమూతది ముందు దూరింది, నీలిమూతది వృథా అయింది. ఇంకో జత పంపుతున్నా. ముందు ఎర్రది, నాలుగు రోజులకి నీలిది. ఈసారైనా నా మాట వినండి.

ఉంటాను,
అఫ్సా

తా.క.: చేతకాక కాదు, పోటీ!

---

మేడమ్ గారికి కొండలయ్య నమస్కారాలు.

పోటీ అని ముందే చెప్పొద్దా? ఏరు సముద్రంలో కలిసే మా ఏటిమొగలో ఒకే చోటికి ఇద్దరు వలలు తెస్తే పెద్దలు కూర్చుని తీర్పు చెబుతారు. రెండు సీసాల్నీ పెద్దల ముందు పెట్టా. ఎర్రమూత తరఫున నేను నిలబడ్డా. నీలిమూతకి ఎవరూ లేరే అనుకుంటుంటే మా బావమరిది రాంబాబు లేచాడు. వలచోటు తగాదాతో తొమ్మిదేళ్లుగా నా మొహం చూడనివాడు, ఆ సీసా కోసం మధ్యాహ్నం దాకా వాదించాడండీ! తీర్పు: రోజు విడిచి రోజు వంతు. పోయినసారి ఎర్రది ముందు దూరింది గనక మొదటి వంతు నీలిమూతకి. మీ నాలుగు రోజుల గడువు కొట్టేశారు. తీర్పు ప్రకారమే పోశా.

మీ విధేయుడు,
కొండలయ్య

తా.క.: తన సీసా ఎక్కడ ఓడిపోతుందోనని రాంబాబు రోజూ మా చెరువు గట్టుకొస్తున్నాడు. మూడోరోజు మా ఆవిడ కాఫీ కూడా ఇచ్చింది.

---

కొండలయ్య గారికి,

మీ ఉత్తరం చదివి తల పట్టుకున్నా. తర్వాత దాంతో మీరు పంపిన నీళ్లు పరీక్షించా. బ్యాక్టీరియా దాదాపు లేదు. ఒకదానికి లొంగనివి రెండోదానికి దొరికిపోయాయి. మీ పంట నిలబడిందండీ, నాకెంత సంతోషంగా ఉందో!

మీ దగ్గర ఒకటి దాచాను. ఆ నాలుగు రోజుల గడువు నా పంతం. ఎర్రమూత వైరస్ నాది, నీలిమూతది పక్కగది సాయిగణేష్ గారిది. పేరు నాకే రావాలని నాది ముందు పొయ్యమన్నా. సిగ్గుగా ఉంది. ఆర్నెల్లుగా మా ఇద్దరికీ మాటల్లేవు.

నమస్కారాలతో,
అఫ్సా

తా.క.: మా ల్యాబులో మంచి మైక్రోస్కోపు ఒక్కటే ఉంది, దాని దగ్గరా మా ఇద్దరికీ ఇదే తగాదా. మీ పెద్దల్ని ఒకసారి విజయవాడ పంపండి. నా తరఫున మాట్లాడ్డానికి మాత్రం మీరొద్దండీ, రాంబాబు గారు కావాలి.