అమ్మ కమ్మలు దొరికాయి

మంగళవారం రాత్రి

మూడు రోజులుగా ఇల్లంతా వెతుకుతున్న అమ్మ ఎర్రరాళ్ల కమ్మలు ఈ సాయంత్రం దొరికాయి. దొరికాయని రాయడానికే చెయ్యి రావడం లేదు. మా ఆయన జేబులోంచి చిన్న పెట్టె తీసి నా చేతిలో పెట్టాడు. అవే రాళ్లు, చుట్టూ కొత్త డిజైను. నాకు చెప్పకుండా నగర్తపేటలో కంసాలికి ఇచ్చి కరిగించి చేయించాడట.

"పెళ్లిరోజుకని చేయించినాను. బంగారం అదే, రాళ్లూ అవే. ఎంత బాగుండాయో చూడు!"

"వెనక మరలు ఏవి?" అన్నాను.

"అవీ కరిగించేసినారు. కొత్తవి వేసినారు కదా."

ఎడమ కమ్మ మర మీద అమ్మ పంటిగాటు ఉండేది. బిగుసుకున్నప్పుడల్లా పంటితో పట్టి తిప్పేది. ఆమె పోయాక నాకు మిగిలిన ఆ గుర్తును కూడా... అడిగితే ఒప్పుకోనని తెలిసే అడగలేదు.

అంతకంటే ఒళ్లు మండేది ఇంకొకటి. ఆదివారం నాతోపాటు తనూ మంచం కింద టార్చి వేసి వెతికాడు! పనికొచ్చే మునియమ్మను నేను అడుగుతుంటే పక్కనే కాఫీ తాగుతూ నిలబడ్డాడు. "నేను చూసింటే చెప్పనా అక్కా?" అంటూ ఆమె తన సంచి బోర్లించింది. అప్పుడైనా నోరు విప్పలేదు.

"రేపు మునియమ్మకు మీరే చెప్పండి" అన్నాను.

"పనామెకు ఇదంతా ఎందుకప్పా?" అని నవ్వాడు.

పెట్టె బల్ల మీదే ఉంది. నేను ముట్టుకోను. రేపు పొద్దున మునియమ్మకు తలుపు నేనే తీస్తాను. ఆమె సంచి బోర్లిస్తుంటే వద్దనకుండా చూస్తూ నిలబడింది నేను కూడా. ఆ మాట ఎక్కడ మొదలుపెట్టాలో...