అత్తయ్య బ్యాటరీకి ముసలితనం రాలేదు

అత్తయ్యకి నమస్కారాలు.

ఒకచోట కూర్చుని రాయలేకపోతున్నాను. పెద్ద ఎక్స్-రే యంత్రం దగ్గర మా ల్యాబ్ వంతు వచ్చింది. బ్యాటరీని తెరవకుండా, అది పని చేస్తుండగానే లోపలికి చూస్తాం. తెరిస్తే గాలి తగిలి లోపలి సంగతే మారిపోతుంది. లోపల ఛార్జింగ్‌ని మోసే లిథియం ఎక్స్-రేకి సరిగ్గా ఆనదు, దాన్ని న్యూట్రాన్లతో పట్టుకుంటాం. దీనికి బాగా వాడిన పాత బ్యాటరీ కావాలి. మీ వీధిలో కరెంటు స్కూటర్ల బ్యాటరీలన్నీ చచ్చాయి, నీదొక్కటే బతికుంది కదా, పంపు. ఈసారి ఏదో ఒకటి చూపించకపోతే మాకు డబ్బిచ్చే కమిటీ మా ప్రాజెక్టు మూసేస్తుంది. నా ఉద్యోగం కూడా దాంతోపాటే.

నీ మేనకోడలు

తా.క. కడగొద్దు. నీ సంగతి నాకు తెలుసు.

* * *

చిట్టితల్లికి దీవెనలు.

బ్యాటరీ పంపాను. పంపుతుంటే ప్రాణం ఉసూరుమంది. అయినా పని చేస్తుండగా చూడటమేమిటే? చూడాలంటే అది పడుకున్నప్పుడు చూడండి. ఎదురింటావిడ బ్యాటరీ ఏడాదికే పోయిందంటే ఎలా చూసుకుందో ఆలోచించు. నేనైతే కంటికి రెప్పలా చూసుకున్నాను.

మీ అత్తయ్య

తా.క. కడగలేదు. తడిగుడ్డతో తుడిచానంతే.

* * *

బంగారు అత్తయ్యా,

నువ్వు మామూలు మనిషివి కాదు. పొద్దుటి నుంచి దాన్ని ఛార్జింగ్ చేస్తూ, ఖాళీ చేస్తూ చూస్తున్నాం. లిథియం పుట్టింటికి వచ్చిపోయినంత హాయిగా ఇటూ అటూ తిరుగుతోంది. ఎక్కడా పగులు లేదు. కుర్చీలోంచి కదలని మా పెద్దసారు లేచి నిలబడ్డారు. ఇన్నేళ్ళు పరిగెత్తిన బ్యాటరీకి అలసటే లేదని కమిటీకి కబురు కూడా పంపేశారు. వచ్చే వారం వాళ్ళ ముందు నేనే మాట్లాడాలి. నాకు కాళ్ళు నేల మీద ఆనడం లేదు. బండి ఎలా నడుపుతావో, ఎంత వేగంతో వెళతావో వెంటనే రాయి.

నీ మేనకోడలు

తా.క. నువ్వు నడిపే పద్ధతికి నీ పేరే పెడదామంటున్నారు.

* * *

ఓసి పిచ్చిదానా,

పొద్దుటి నుంచీ దాని చేత పని చేయిస్తున్నారా? మనుషులేనా మీరు? మా ఇంట్లో అది ఒక్కరోజు కష్టపడి ఎరగదు. నడిపే పద్ధతి అంటావేమిటి, నాకు బండి నడపడం వస్తే కదా. ఎదురింటావిడ కొందని పట్టుబట్టి కొనిపించుకున్నాను. ఎక్కిన రోజే గోడకి గుద్దాను. అప్పటి నుంచి కూరగాయల సంచులు దాని మీద పెట్టి, పక్కన నడుస్తూ తోసుకొస్తాను. వీధి మలుపులో హెల్మెట్ పెట్టుకుంటాను. చూసినవాళ్ళు ఇప్పుడే దిగిందనుకుంటారు. బ్యాటరీ బెంగ పెట్టుకోకుండా అప్పుడప్పుడూ కాస్త ఛార్జింగ్ పెడతాను.

మీ అత్తయ్య

తా.క. కమిటీకి చెప్పకు. మీ మావయ్యకే తెలియదు.

* * *

అత్తయ్యా,

నీ ఉత్తరం కమిటీ గది గుమ్మంలో అందింది. చదివి గోడకి చేరగిలబడ్డాను. ఏం చేయను, లోపలికెళ్ళి నిజం చెప్పేశాను. పెద్దసారు కళ్ళు మూసుకున్నారు. కమిటీ పెద్దావిడ మాత్రం గంతేసినంత పని చేశారు. పని చేసి అరిగిన బ్యాటరీలు ఆవిడ బోలెడు చూశారట. ఏ పనీ చేయకుండా వయసొక్కటే పైబడినదాన్ని చూడటం ఇదే మొదలట. బ్యాటరీ పాడయ్యేది పని వల్లా, వయసు వల్లా అని తేల్చడానికి సరిగ్గా ఇలాంటిదే కావాలట. ప్రాజెక్టు నిలిచింది, నా ఉద్యోగమూ నిలిచింది. ఆ సంతోషంలో కారిడార్ అంతా పరుగెత్తాను. నీకు కొత్త బ్యాటరీ పంపుతున్నాం. కమిటీ షరతు ఒక్కటే: ప్రాజెక్టు పూర్తయ్యేదాకా నువ్వు బండి నేర్చుకోకూడదు.

నీ మేనకోడలు

తా.క. ఆ షరతుకి ఇంట్లోవాళ్ళ సాక్షి సంతకం కావాలని, కాగితం నేరుగా మావయ్య ఆఫీసుకి పంపారు. ఈపాటికి చదివే ఉంటారు.