కల్యాణ మండపానికి జామీను

పురపాలక ఆఫీసులో కరెంటు పనులు చూసే జయతీర్థ సారుకు, ఆదోని రోడ్డు నేతగాండ్ల వీధి నుంచి చీటీల భీమక్క నమస్కారం.

మీ నోటీసు కిరాణా అంగడి గోడ మీద చదివినాను. మునిసిపల్ కట్టడాల మిద్దెల మీద సోలార్ ప్యానెళ్లు పెడతారట. దుడ్డు బ్యాంకులో అప్పు తేవాలా, లేక కంపెనీకి మిద్దెలు ఇరవై అయిదేండ్లు గుత్తకిచ్చి వాళ్ల చేతే పెట్టించాలా, సలహా చెప్పమన్నారు. ఇరవై అయిదేండ్లు మిద్దె రాసిస్తారా? నేను కోడలికి అటక కూడా రాసివ్వలేదు.

చీటీ వేయండి. బడి, ఆసుపత్రి, మార్కెట్టు, కల్యాణ మండపం అన్నీ సభ్యులే. నెలనెలా తలా ఇంత కట్టాలి. పాట పాడుకున్న కట్టడానికి ఆ నెల ప్యానెళ్లు. మనుషులు చీటీ ఎత్తి పారిపోతారు. గోనెగండ్లవాడొకడిని కోడుమూరు దాకా తరిమినాను. కట్టడాలు యాడికి పోతాయి?

ఇట్లు, భీమక్క

తా.క.: బిల్లు కట్టలేదని మా వీధి బడికి కరెంటు పీకేసినారు. ఉక్కకు తాళలేక పిల్లల్ని మధ్యాహ్నానికే ఇంటికి తోలుతున్నారు. వాళ్లు మా మగ్గం గుంటల్లో దూరి నూలంతా చిక్కు చేస్తున్నారు. ఈ నెల ఒక్క చీర కూడా పూర్తి కాలేదు. ఇట్లే పోతే మగ్గం మూసి నేనే బడికి పోవాల.

*

భీమక్క గారికి, విద్యుత్ విభాగం నుంచి జయతీర్థ.

మీ ఉత్తరం కౌన్సిల్ సమావేశంలో సరదాకని చదివాను. నవ్వుతారనుకున్నాను. బల్లలు చరిచి ఆమోదించారు. "బ్యాంకు మేనేజరు ముందర చేతులు కట్టుకునేది తప్పింది కదప్పా" అని చైర్మన్ గారు నా భుజం తట్టారు. ఈ చీటీ నడపవలసినవాణ్ణి నేనే. పుట్టి ఇంతవరకు ఒక్క చీటీ కూడా కట్టి ఎరగను. నియమాలు వెంటనే రాయండి.

మీ జయతీర్థ

తా.క.: కట్టడం తన పాట తాను ఎలా పాడుతుందని కమిషనర్ గారు లిఖితపూర్వకంగా అడిగారు.

*

జయతీర్థ సారుకు,

నవ్వులాటకు చదివినారా! సరే, పని అయింది కాబట్టి ఊరుకున్నాను.

ఏ కట్టడానికి ఎవరు పెద్దో వాళ్లే పాడతారు. చీటీ ఎత్తాలంటే ఇంకొక కట్టడం జామీను నిలబడాలి. ఎత్తినవాడు పారిపోతే మిగతా వాయిదాలు జామీనుదారు కట్టాలి. దానికి బదులు ఎత్తిన సొమ్ము జామీనుదారుకు పోతుంది. జామీను లేకుండా నా మొగునికి కూడా చీటీ ఇయ్యలేదు. ఇది రాసి అందరి చేత సంతకాలు పెట్టించండి.

భీమక్క

తా.క.: మా బడి హెడ్మాస్టరు దేవదాసు సారు మెతక మనిషి. పాటలో నోరు తెరవడు. ఆయన మీద కేకలు వేయొద్దు.

*

భీమక్క గారికి,

పాట ముగిసింది. ఇంకా తేరుకోలేదు. కల్యాణ మండపం మేనేజరు విఠల్ ఎవరినీ పాడనివ్వకుండా పాడి, మొదటి చీటీ ఎత్తుకున్నాడు. మీ దేవదాసు గారు నోరు తెరిచింది ఆవలించడానికే.

అసలు వింత ఆ తర్వాత. మండపానికి జామీను ఎవరంటే ఆసుపత్రి తల దించుకుంది. మార్కెట్టు బీడీ కాల్చుకోవడానికి బయటికి పోయింది. పశువుల దవాఖానా "మాకెందుకన్నా ఈ తంటా" అంది. చివరికి దేవదాసు గారు లేచి, బడి తరఫున సంతకం పెట్టారు. కరెంటు బిల్లే కట్టలేని బడి! అందరూ చప్పట్లు కొట్టారు.

మీ జయతీర్థ

తా.క.: మండపం మిద్దె మీద ప్యానెళ్లు బిగించారు. తొలి పెళ్లిలో బ్యాండువాళ్లు ఊరికే వచ్చే కరెంటని తెల్లవార్లూ వాయించారు. మా ఇల్లు ఎదురుగానే ఉంది.

*

జయతీర్థ సారుకు,

సంతోషం. మండపం తరువాతి వాయిదా వచ్చినాక ఒక ముక్క రాయండి. రాకపోయినా రాయండి.

భీమక్క

*

భీమక్క గారికి,

ఆదరాబాదరాగా రాస్తున్నాను. అక్షరాలు సరిగా లేకుంటే క్షమించండి.

కల్యాణ మండపాన్ని కూల్చేస్తున్నారు. ఆదోని రోడ్డు వెడల్పులో పోతోంది. ఉత్తర్వు ఇచ్చింది మా ఆఫీసే. మా పక్క గదే! మధ్యలో ఒక్క గోడ. వాళ్లు నాకు చెప్పలేదు, నేను అడగలేదు. కట్టడాలు యాడికి పోతాయన్నారు కదమ్మా, మొదటిదే పోయింది. ఇక వాయిదాలన్నీ మీ బడి మీద పడ్డాయి. ఆ సారుకు ఏ ముఖంతో చెప్పను?

జయతీర్థ

తా.క.: విఠల్ ఫోను ఎత్తడం లేదు.

*

జయతీర్థ సారుకు, భీమక్క నమస్కారం. ముందు మంచినీళ్లు తాగండి.

మీరు సంతకాలు పెట్టించిన కాగితం చదువుకోండి. ఎత్తిన సొమ్ము జామీనుదారుకు పోతుంది. సొమ్మంటే ఆ ప్యానెళ్లే. విప్పి బడి మిద్దె ఎక్కించండి. వాడుకోగా మిగిలిన కరెంటు అమ్ముకోవచ్చని మీ నోటీసులోనే ఉంది. బడికి సెలవులకేమి తక్కువ? ఆ డబ్బుతో వాయిదాలు కడతారు.

మండపం గోడ మీద, కూల్చే కట్టడాలకు వేసే ఎర్ర రంగు గుర్తు ఉగాదికి ముందే పడింది. మీ పక్క గదివాళ్లే పూసినారు. ఊరంతా చూసింది, ఎదురింట్లో ఉండే మీరు తప్ప. అందుకే జామీనుకు ఎవరూ రాలేదు. కొత్త ప్యానెళ్లు చూసైనా కూల్చకుండా వదులుతారని విఠల్ ఆశ. పాటకు ముందు నేను జామీను నిలబడమంటే దేవదాసు సారు కూడా జంకినాడు.

"భీమక్కా, పారిపోయేవానికి జామీను నిలబడమంటాండావా?"

"పారిపోతాడనే సారూ, నిలబడమనేది" అన్నాను.

పిల్లలు సాయంత్రం దాకా బడిలో ఉంటే చాలు. నూలు చిక్కు తీయాల.

భీమక్క

తా.క.: ఈ నెల చీటీ మీ ఆఫీసు పాడబోతోందని విన్నాను. నిన్న అటు వచ్చినప్పుడు చూసినాను, మీ గది కిటికీ కింద కూడా ఎర్ర గుర్తు ఉంది. జామీను ఎవరూ దొరక్కపోతే మా బడిని అడగండి. దేవదాసు సారు ఈసారి జంకడు.